బొర్రయ్య వెంట దొర

రాస్ హిల్ మీద నుంచి చూస్తే హార్బరులోకి వచ్చే ఓడలు కనిపిస్తాయి. సరుకు దింపేదాకే ఆ నావికులతో మన విశాఖకు పరిచయం. అది స్నేహం కావాలంటే కలిసి తిరగాలి. అందుకే నాకు ఏలూరివాడైన కావలి వెంకట బొర్రయ్య గుర్తొస్తాడు.

బొర్రయ్యతో కలిసి తిరిగిన దొర కాలిన్ మెకంజీది స్కాట్‌లాండులో లూయిస్ దీవి, స్టోర్నవే ఊరు. మన దేశానికి 1783లో వచ్చాడు. టిప్పు పతనం తర్వాత మైసూరు సర్వేలో బొర్రయ్య అతని వెంట ఉన్నాడు. ఊరూరా పెద్దల్ని కూర్చోబెట్టి మాట్లాడించడం, శాసనాలకు నకళ్లు తీయడం. దొర టోపీ చూసి నోరు మూసుకున్న కరణాలు కూడా బొర్రయ్య పలకరిస్తే కవిలెకట్టలు విప్పే ఉంటారు! 1803లో బొర్రయ్య చిన్న వయసులోనే పోయాడు. ఈ దేశపు విజ్ఞానానికి తనకు గుమ్మం చూపింది అతనేనని మెకంజీ రాసుకున్నాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు. మన ఊళ్ల చరిత్ర రాసేవాళ్లు ఇవాళ్టికీ తిరగేసే కైఫీయత్తులు ఆ తిరుగుళ్ల ఫలమే.

జీతమిచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ స్నేహమేమిటని మీరడగొచ్చు. నా మటుకు స్నేహమనే అంటాను, అయితే అది ఆ మనుషుల మధ్యే. 1821లో మెకంజీ పోయాక, ఆ పని కొనసాగిస్తానన్న లక్ష్మయ్యను కలకత్తా ఏషియాటిక్ సొసైటీ అంత పనికి చాలడని తోసిపుచ్చింది.