చెయ్యి ఎవరిది?

మా అయ్య ట్రంకుపెట్టెలో ఒక ఫొటో ఉంది. హైస్కూలు కబడ్డీ జట్టు. ఏడుగురు కుర్రాళ్లు, చొక్కాల్లేవు, నిక్కర్లే. కుడి చివర మా అయ్య. పక్కోడి భుజం మీద చెయ్యేసి నవ్వుతున్నాడు. 1970ల్లో ద్వారకా తిరుమల కొండ కింద నుంచి ఫొటోగ్రాఫరు వచ్చి తీశాడంట.

అదే ఫొటో పెద్దది చేసి ఆ హైస్కూలు ఆఫీసు గదిలో తగిలించారు. అందులో ఆరుగురే. చివరివాడి భుజం మీద మాత్రం నాలుగు వేళ్లున్నాయి. వేళ్ల వెనక మనిషి లేడు.

పూర్వ విద్యార్థులు సంచిక వేస్తున్నారంటే మా ఫొటో పట్టుకెళ్లాను. కమిటీలో ఒక పెద్దమనిషి అటూ ఇటూ తిప్పి చూసి, "గోడ మీదదే అసలుది మాస్టారూ. ఇది తర్వాత మనిషిని అతికించి తీయించింది" అన్నాడు.

నేను సర్కారు బడిలో పంతుల్ని. మా మాదిగపేటలో, మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. కులానికి సర్టిఫికెట్టు తెచ్చాను, ఆదాయానికి తెచ్చాను. ఇప్పుడు మా అయ్య కూతపెట్టాడని కూడా తేవాలన్నమాట.

మా అయ్యకి చెబితే నవ్వాడు. "నేను ఆడానో లేదో కాయితాన్నడుగుతావేంట్రా? ఈ మోకాలినడుగు" అన్నాడు. కబడ్డీలో ముట్టుకుంటేనే ఆట. బరిలో ఆయన ముట్టుకుంటే అవతలోడు అవుట్. బరి దాటాక ముట్టుకుంటే ఆయనే అవుట్.

ఇది మా ఊరి సంగతే కాదు. పల్వంకర్ బాలూ చమార్ కులంలో పుట్టాడు. 1911లో భారత జట్టుతో ఇంగ్లండు వెళ్లి 114 వికెట్లు తీశాడు. అంతకుముందు పూనాలో ఆడేటప్పుడు ఆయన విసిరిన బంతి అందరూ పట్టుకున్నారు. టీ మాత్రం బయట నిలబెట్టి మట్టి కప్పులో పోశారు. ఆయన బొమ్మ మా క్లాసు గోడకి అంటించాను.

ఏలూరులో డార్క్‌రూమ్ రోజుల నుంచి పనిచేసిన ఒక ముసలాయన దగ్గరికెళ్లాను. ముందు భూతద్దం ఇచ్చాడు. చుక్కలు చుక్కలుగా కనపడితే అది ప్రెస్సులో అచ్చయిన బొమ్మ. మా క్లాసులో బాలూ బొమ్మ అలాంటిదే. మా అయ్య ఫొటోలో చుక్కల్లేవు. ఏటవాలుగా పట్టుకుంటే నల్లటి అంచుల్లో వెండి మెరుపు. పాత బ్రోమైడ్ పేపర్లోని వెండే అలా పైకి తేలుతుందంట. దొంగనోట్లు పట్టే ఊదారంగు లైటు కింద ధగధగ వెలిగితే 1950ల తర్వాతి కాగితం కావచ్చు. "బాలూ కాలం ఫొటోకైతే ఆ పరీక్ష పనికొస్తుంది, నీదానికి కాదు" అన్నాడు. "పాతదైనంత మాత్రాన అసలుది కాదు బాబూ, నకళ్లు కూడా ముసలివవుతాయి. మడత చూడు."

మా ఫొటోకి మూడోవాడి ఛాతీ మీదుగా ఒక మడత ఉంది. వేలితో రాస్తే గరుగ్గా తగులుతుంది.

ఫ్రేము విప్పించడానికి మూడు వారాలు తిరిగాను. విప్పారు. ప్లాస్టిక్ పూత కాగితం. మూడోవాడి ఛాతీ మీద అదే మడత. కంటికి కనపడుతోంది. వేలికి తగలట్లేదు. మడత లేని కాగితం మీద మడత బొమ్మ. అంటే మా ఫొటో ముందు కెమెరా పెట్టి తీసిందే గోడ మీదది.

"ఫ్రేముకి పట్టక చివర వదిలేశారేమో" అన్నాడు పెద్దమనిషి. ఎడమ పక్క బడి గోడ బెత్తెడు ఖాళీగా ఉంది. గోడకి చోటు దొరికింది.

ఇంటికొచ్చి అడిగితే మా అయ్య చెప్పాడు. "అప్పట్లో బళ్లో అడిగితే ఇచ్చాను. వారానికి తిరిగిచ్చేశారు."

"మరి గోడ మీద నువ్వు లేవని చూళ్లేదా?"

"ఆపీసు గదిలోకి మనల్నెవరు రానిచ్చార్రా?"

సంచికలో ఏడుగురి ఫొటోనే వేశారు. గోడ మీద ఇంకా ఆరుగురే. ఫ్రేము మార్చమని అర్జీ రాసి, మా ఫొటోకి కాపీ తీయించి జతచేశాను. ఏడుగురూ ఉన్న కాపీ.

అసలుది ఇవ్వలేదు. ఒకసారి ఇచ్చి చూశాం.