పురానాపూల్ చెప్పే పందెం లెక్క

ఊరు పుట్టకముందే పుట్టిన వంతెన అది. మూసీ వరదలతో పందెం కాసి నాలుగు శతాబ్దాలకు పైగా నిలబడింది. అక్కణ్నుంచి అదే నది ఒడ్డున కాస్త దిగువకు వెళితే, పేకాట నేర్పా అదృష్టమా అన్న వాదన విన్న న్యాయస్థానం కనిపిస్తుంది. పాతబస్తీలో ఈ రెంటినీ కలిపి చూస్తే, ఏ ఆటలో ఎప్పుడు లేవాలో కూడా తెలిసొస్తుంది.

హైదరాబాద్ వయసెంత అంటే చార్మినార్‌ని చూపించి 1591 నుంచీ లెక్కేసుకోమంటారు. కానీ పురానాపూల్ అంతకన్నా పదమూడేళ్లు పెద్దది. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించాడు. తెలుగు కవులు మల్కిభరాముడని ప్రేమగా పిలుచుకున్న సుల్తాను ఆయనే. అప్పటికి మూసీకి ఇవతల చార్మినార్ లేదు, లాడ్‌బజార్ లేదు. గోల్కొండ నుంచి కార్వాన్ మీదుగా నది దాటి పోయే వర్తకులకు ఆ వంతెనే దారి. 22 కమానులు, సుమారు 600 అడుగుల పొడవు. పాతబస్తీ వైపు కొసన పురానాపూల్ దర్వాజా ఉంటుంది. ఒకప్పటి నగర ప్రాకారానికున్న ద్వారాల్లో మిగిలినవి రెండే. ఒకటి ఇది, రెండోది దబీర్‌పురా దర్వాజా.

పదిహేడో శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి రత్నాల వ్యాపారి తవెర్నియే ఈ వంతెనను చూసి ముచ్చటపడి, పారిస్‌లోని పాంట్ న్యూఫ్‌తో పోల్చాడు. పాంట్ న్యూఫ్ అంటే ‘కొత్త వంతెన’ అని అర్థం. తమాషా ఏమిటంటే, ఇప్పుడు పారిస్‌లో నిలిచున్న వంతెనలన్నింట్లోకీ పాతది అదే. మనవాళ్లు మాత్రం పాతదాన్ని పాతదనే పిలుచుకున్నారు!

ప్రాణమే పందెం

ఈ వంతెన పేరెత్తితే పాతబస్తీలో ఎవరైనా చెప్పే కథ ఒకటుంది. యువరాజు మహమ్మద్ కులీ, అవతలి ఒడ్డున చించలం గ్రామంలో ఉండే భాగమతిని ప్రేమించాడట. ఓ రాత్రి మూసీ పొంగుతున్నా లెక్కచేయక గుర్రాన్ని నదిలోకి దూకించాడట. బతికి బయటపడిన కొడుకును చూసి తండ్రి గుండె ఝల్లుమని, మరోసారి ఆ పందెం కాయనవసరం లేకుండా వంతెన కట్టించాడట. అందుకే ఇది ‘పురానా పూల్’ కాదు, ‘ప్యారానా పూల్’ అని చమత్కరిస్తారు.

చరిత్రకారులు మాత్రం తల అడ్డంగా ఊపుతారు. మహమ్మద్ కులీ పుట్టింది 1565లో. అంటే వంతెన పూర్తయ్యేనాటికి అతనికి నిండా పదమూడేళ్లు! కథ నిజమైనా కాకపోయినా అందులో ఓ కిటుకుంది. కొడుకు అదృష్టాన్ని నమ్ముకున్నాడు. తండ్రి రాయినీ సున్నాన్నీ నమ్ముకున్నాడు.

ఆ రాయీ సున్నమూ కూడా ఊరికే నిలవలేదు. 1820 వరదలో వంతెన దెబ్బతింటే సికిందర్ జా హయాంలో బాగుచేయించారు. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరద సంగతి చెప్పనే అక్కర్లేదు. పదిహేను వేల మంది దాకా కొట్టుకుపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ తెగిపోయాయి. నగరం రెండు ముక్కలైతే, దెబ్బలు తిని కూడా రెంటినీ కలిపి ఉంచింది పురానాపూల్ ఒక్కటే. దానికీ మళ్లీ మరమ్మతులు జరిగాయి. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. అయినా మూసీ తన ఆట మానలేదు. 2020 అక్టోబరులో, 2025 సెప్టెంబరులో మళ్లీ ఉరకలెత్తింది.

వంతెన కట్టినవాడిది నేర్పు. నది తెచ్చేది అదృష్టమో దురదృష్టమో. మరి ఇన్నేళ్లు నిలబెట్టింది ఏది? ఆ రెండూ కావు... దెబ్బ తగిలిన ప్రతిసారీ చేసిన మరమ్మతు!

దిగువన కోర్టు

పురానాపూల్ నుంచి నది వెంట దిగువకు వెళ్తే, ముసల్లంజంగ్ వంతెన దాటాక కుడి ఒడ్డున ఎర్రని గుమ్మటాలతో హైకోర్టు కనిపిస్తుంది. 1920లో ప్రారంభమైన ఆ భవనంలోకి 1960లలో ఓ విచిత్రమైన కేసు వచ్చింది. అక్కడ తేలాల్సిన ప్రశ్న: రమ్మీ ఆడటం జూదమా, కాదా?

1963లో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారని అయిదుగురి మీద కేసు పెట్టారు. కేసు పెట్టిన చట్టం నిజాం కాలం నాటిది, 1305 ఫసలీలో చేసిన హైదరాబాద్ జూద చట్టం. మెజిస్ట్రేటు శిక్ష వేశారు. హైకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. ప్రభుత్వం ఊరుకోకుండా సుప్రీంకోర్టుకెక్కింది. 1967 నవంబరు 22న తీర్పొచ్చింది. రమ్మీ మూడు ముక్కలాట లాంటిది కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి అందులో ప్రధానమైనది నేర్పేనని న్యాయమూర్తులు తేల్చారు.

‘చతుర్ముఖ పారాయణం’ చేసే పెద్దమనుషులకు అంతకన్నా ఏం కావాలి! ఇంట్లో ఆడవాళ్లు గొణిగినా, ‘సుప్రీంకోర్టే చెప్పింది’ అనడానికి ఓ ఆధారం దొరికింది. తర్వాతి కాలంలో రమ్మీ కంపెనీలూ, పోకర్ క్లబ్బులూ కూడా తమ వాదనకు ఈ తీర్పునే పునాది చేసుకున్నాయి. కానీ అదే తీర్పులో ఓ హెచ్చరిక కూడా ఉంది. ఆట పేరుతో క్లబ్బు యజమాని లాభం చేసుకుంటుంటే అది నేరమే కావచ్చని. ఆ వాక్యం మాత్రం చాలామందికి గుర్తుండదు.

రమ్మీ పిల్లాడు

ఇంతకీ పేకలో నేర్పు మనిషిని ఎంతవరకూ తీసుకెళ్తుంది? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే మూసీ ఒడ్డు నుంచి కాసేపు అమెరికా వెళ్లాలి. రమ్మీతో మొదలుపెట్టి పోకర్‌లో ప్రపంచ విజేత అయినవాడి కథ అక్కడుంది. పేరు స్టూ ఉంగర్.

1953లో న్యూయార్క్‌లో పుట్టాడు. తండ్రి పందేల వ్యాపారి. ఇద్దరు పది ముక్కలతో ఆడే ‘జిన్ రమ్మీ’లో పదేళ్లకే పోటీ నెగ్గాడని చెబుతారు. పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో తండ్రి పోయాడు, తల్లి మంచానపడింది. చదువు ఆగిపోయింది. పేకాటే జీవనాధారమైంది. పడిన ముక్క ప్రతిదీ గుర్తుండేది, ఎదుటివాడి చేతిలో ఏముందో అద్దంలో చూసినట్టు చెప్పేవాడు. చివరికి ఏమైందంటే, జిన్ ఆడదామంటే అతని ఎదుట కూర్చునేవాడే కరువయ్యాడు! మరీ బాగా ఆడటం కూడా కష్టమే మరి.

అలా పోకర్‌కు మళ్లాడు. లాస్ వేగాస్‌లో ఆడే పోకర్‌లో చేతికి రెండు ముక్కలిస్తారు, అందరికీ ఉమ్మడిగా బల్ల మీద అయిదు పరుస్తారు. వాటిలోంచి మంచి అయిదు కూర్చుకోవాలి. మన మూడు ముక్కలాటలో లాగే, చేతిలో ఏమీ లేకపోయినా పందెం పెంచి ఎదుటివాణ్ని బెదరగొట్టి లేపేయొచ్చు. ముక్కల లెక్కా కావాలి, మనిషి లెక్కా కావాలి. 1980లో ఉంగర్ తొలిసారి ప్రపంచ పోకర్ పోటీల ప్రధాన పందెంలో కూర్చున్నాడు. దిగ్గజం డోయల్ బ్రన్సన్‌ని ఓడించి, అప్పటికి అతి పిన్న విజేత అయ్యాడు. చూడ్డానికి పిల్లాడిలా ఉండటంతో ‘కిడ్’ అనే పేరు స్థిరపడింది. మరుసటి ఏడూ అతనే గెలిచాడు.

గెలిచిన డబ్బు? పోకర్ బల్ల మీద వచ్చింది గుర్రప్పందేలకూ, ఆటల పందేలకూ పోయింది. తర్వాత మత్తుమందులు. 1990 పోటీలో మూడోరోజు అతను హోటల్ గదిలో స్పృహ తప్పి పడి ఉన్నాడు. అంతకుముందే ఎంత కూడబెట్టాడంటే, మనిషి లేకపోయినా అతని బిళ్లలు కొద్దికొద్దిగా తరుగుతూనే తొమ్మిదో స్థానం తెచ్చిపెట్టాయి! 1997 నాటికి చేతిలో చిల్లిగవ్వ లేదు. పోటీలో చేరడానికి కావలసిన పదివేల డాలర్లు ఓ స్నేహితుడు కట్టాడు. ఉంగర్ మూడోసారి గెలిచాడు. బహుమతి పది లక్షల డాలర్లు, అందులో సగం డబ్బు పెట్టిన స్నేహితుడిది. మిగతా సగం కొన్ని నెలల్లో కరిగిపోయింది. 1998 నవంబరు 22న లాస్ వేగాస్‌లో ఓ చౌక లాడ్జి గదిలో శవమై కనిపించాడు. వయసు 45. దగ్గరున్నది 800 డాలర్లు. అంత్యక్రియలకు చందాలు పోగుచేయాల్సి వచ్చింది.

రమ్మీలో నేర్పుందని మన సుప్రీంకోర్టు చెప్పిన తేదీకి సరిగ్గా 31 ఏళ్లు నిండిన రోజది. రమ్మీలో అంతటి నేర్పున్నవాడు అలా వెళ్లిపోయాడు.

మన పురాణాల్లోనూ ఇలాంటి ఆటగాడున్నాడు. నలుడు పాచికలాడి పుష్కరుడికి రాజ్యం ఓడిపోయాడు. బాహుకుడి వేషంలో రథం తోలుతుంటే, దారిలో ఋతుపర్ణ మహారాజు ఓ తాండ్రచెట్టు ఆకులూ కాయలూ చూపుతోనే లెక్కగట్టాడు. ఆ లెక్క విద్యే అక్షహృదయం. అది నేర్చుకున్నాకే నలుడు మళ్లీ ఆటకు కూర్చున్నాడు. ఒక్క పందెంతో రాజ్యం గెలిచి, పుష్కరుణ్ని క్షమించి లేచాడు. లెక్క ఉంగర్‌కీ వచ్చు. లేవడమే రాలేదు.

జేబులోకొచ్చిన బల్ల

ఉంగర్ కాలంలో ఆడాలంటే బల్ల దగ్గరికి వెళ్లాల్సి వచ్చేది. తర్వాత బల్లే ఫోన్‌లోకి వచ్చేసింది. పోకర్ కూడా మన దేశంలో గౌరవం వెతుక్కుంది. 2018లో లాస్ వేగాస్‌లో జట్టుగా ఆడే పోటీలో నెగ్గిన నికితా లూథర్, అక్కడిచ్చే బంగారు కంకణం అందుకున్న తొలి భారతీయ మహిళ. ఇంకోవైపు, జీతాలూ తాకట్లూ రమ్మీ యాప్‌లకు సమర్పించుకున్న ఇళ్ల కథలు మన పత్రికల్లోనే వచ్చాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఇంకో అడుగు ముందుకేసి, నేర్పా అదృష్టమా అన్న తేడా చూడకుండా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది.

ఎందుకని? చిన్న లెక్క చూడండి. ఆరుగురు తలా వంద వేశారనుకోండి. మొత్తం 600. ఆట నడిపినవాడు పదిశాతం తీసుకుంటే గెలిచినవాడికి 540. పది ఆటలయ్యేసరికి ఒక ఆట సొమ్మంతా, అంటే 600 రూపాయలు, నడిపినవాడి పెట్టెలోకి చేరుతుంది. ఆరుగురిలో ఎవరు ఎంత నేర్పరులైనా, అందరివీ కలిపితే తరిగేదే తప్ప పెరిగేది లేదు. యజమాని లాభం గురించి 1967లోనే కోర్టు ఎందుకు హెచ్చరించిందో ఇప్పుడర్థమవుతుంది.

వంతెన మీద బేరం

మళ్లీ పురానాపూల్‌కి వద్దాం. పక్కన కొత్త వంతెన వచ్చి వాహనాలు అటు మళ్లాక, పాత వంతెన మీద కూరగాయల బజారు వెలిసింది. చాలా ఏళ్లుగా ధూల్‌పేట, జియాగూడ, హుస్సేనీఆలం వైపుల ఇళ్లకు ఇక్కణ్నుంచే సంచులు నిండుతూ వచ్చాయి. తోటకూర కట్టలు, టమాటా గుట్టలు, కొత్తిమీర పరిమళం... కింద సుల్తాను కట్టించిన కమానులు.

అలాంటి బజారులో కూర్చునేవాళ్లదీ పందెమే. తెల్లారకముందే సరుకు కొనాలి. ఎండ ముదిరితే ఆకుకూర వాడిపోతుంది, వాన పడితే బేరం పోతుంది. ధర రేపు ఎటు పోతుందో ఎవరికీ తెలీదు. ఇందులోనూ నేర్పుంది, అదృష్టముంది. కానీ చిల్లర వ్యాపారం చేసే ప్రతి ఇంట్లోనూ మూడో సంగతి ఒకటి ఉంటుంది. సాయంత్రం లెక్క చూసుకున్నాక ముందు రేపటి పెట్టుబడి తీసి విడిగా ముడేస్తారు. తిండి ఖర్చు, బడి ఫీజు అన్నీ ఆ తర్వాతే. ఆ ముడి విప్పరు కాబట్టే తెల్లారి మళ్లీ కొట్టు తెరుస్తారు.

ఆట నేర్పుదా అదృష్టానిదా అని కోర్టులు ఇంకా ఎన్నాళ్లయినా వాదించుకోవచ్చు. ఇంటి ప్రశ్న వేరు: వచ్చింది నిలుస్తుందా, లేదా? దానికి జవాబు ఇబ్రహీం కుతుబ్‌షా వంతెన ఎప్పుడో చెప్పింది. వరద రాకుండా ఎవరూ ఆపలేరు. తీసినాక రాళ్లు సరిచూసుకున్నవాడిదే వంతెన.