నూనె మట్టం పెరిగిన బండి

ఆరోగ్య విషయాలు వ్రాసే నేను ఇంజను నూనె ప్రస్తావన తెచ్చితినేమని ఆశ్చర్యపడకండి. కాస్త ఓపిక పట్టండి.

ఉద్యోగ విరమణానంతరం నూజివీడు ప్రాంతంలోని మా మామిడితోట అవసరాలకై పాత డీజిల్ పికప్ ఒకటి కొన్నాను. గత వేసవిలో కాయలతో నున్న మార్కెట్టుకు వెళుతుండగా దారిలో ఒకచోట బండి ఆగగానే ఆయిల్ ప్రెషరు ఎర్రదీపం వెలిగింది. ఆక్సిలరేటరు తొక్కితే ఆరుతోంది, వదిలితే వెలుగుతోంది. "సెన్సరు పోయుంటుందండీ డాక్టరు గారూ, వైరు పీకేస్తే సరి" అన్నాడు మా డ్రైవరు. సరుకు పాడవుతుందన్న ఆత్రంలో ఆ మాట నాకూ నచ్చింది, దాచను. అయినా ఇంజను ఆపించాను. బేరింగులకూ క్రాంక్‌షాఫ్టుకూ నడుమ ఉండే పలుచని నూనె పొర తెగితే, ఇంజను పట్టివేయడానికి ఎంతోసేపు పట్టదు. కాయలను వేరే బండికెక్కించి, పికప్‌ను తాడుతో షెడ్డుకు లాగించాము.

మెకానిక్కు శబ్దం వినీ వినకముందే, "బేరింగులు అరిగాయండీ, ఇంజను దించాలి" అన్నాడు. "ముందు కొలుద్దాం బాబూ" అన్నాను. చేతికి తగని పట్టీతో బి.పి. చూసి మందులు వ్రాసిన సందర్భాలు నా ఎరుకలోనే ఉన్నవి మరి. సెన్సరు విప్పి అదే రంధ్రానికి వేరే గేజి బిగించాడు. వేడెక్కిన ఇంజను వెయ్యి చుట్లకు సుమారు 10 పి.ఎస్.ఐ. చూపాలన్నది మెకానిక్కుల మోటు లెక్క. మా బండి ఐడిలింగులో 4 చూపింది. దీపం అబద్ధమాడలేదు.

రక్తపీడనం పడిపోయిన రోగిని చూసినపుడు వైద్యుడు మూడు ప్రశ్నలు వేసుకుంటాడు. రక్తం తగ్గిందా? గుండె సరిగా తోడడం లేదా? రక్తనాళాలు వదులైనవా? ఇంజనులోనూ అంతే: నూనె మట్టం, ఆయిల్ పంపు, అరిగి వదులైన బేరింగులు. అయితే ఇక్కడ నాలుగవది కూడ ఉన్నది, నూనె చిక్కదనం.

డిప్‌స్టిక్ తీశాము. నూనె తగ్గలేదు సరికదా, పై గీతను దాటి ఉన్నది. వ్రేళ్ళ నడుమ నీళ్ళవలె జారింది. వాసన చూస్తే డీజిల్! డీజిల్ అందించే ఫీడ్ పంపులోని డయాఫ్రమ్ చిరిగి, డీజిల్ సంపులోకి దిగుతోంది.

నన్ను నొప్పించినది ఇదే. నెల రోజులుగా ఆ మట్టం చూసి, "పాత బండి అయినా చుక్క నూనె తాగడం లేదు" అని పొంగిపోయాను. గుండె బలహీనపడినవారికి ఒంట్లో నీరు చేరుతుంటే, "కాస్త ఒళ్ళు చేశాడు" అని సంతోషించే కుటుంబాలను ఎన్నిసార్లు మందలించానో! మీ ఇంట గుండెజబ్బు గలవారుంటే ప్రతి ఉదయమూ బరువు చూడండి. మూడు రోజులలో 2 కిలోలకు మించి పెరిగితే ఆలస్యం చేయక వైద్యునికి చూపండి.

ఫీడ్ పంపు, నూనె, ఫిల్టరు మార్పించాము. వేడి మీద ఐడిలింగులో 14 వచ్చింది. మెకానిక్కు మాత్రం, "బేరింగులు కూడా కొంత తిన్నాయండీ" అంటూనే ఉన్నాడు. నిజమే కావచ్చు. అందుకే ఆ గేజిని శాశ్వతంగా బిగింపించాను.