కిటికీలోంచి కృష్ణుడు

ఉడిపిలో బస్సు దిగి నడిపించుకుని వెళ్ళాక మావాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, "గుడేదీ బాబూ?" గుడి ముందే నిలబడి అడుగుతారు. తిరుపతి, శ్రీరంగం, మదురై చూసినవాళ్ళు కదా, తలెత్తి గోపురం కోసం వెతుకుతారు. ఉడిపిలో ఉన్నది మఠం. రథవీధి చుట్టూ అష్టమఠాలు, మధ్యలో చంద్రమౌళీశ్వరుడు, అనంతేశ్వరుడు, వాళ్ళకి దగ్గర్లోనే శ్రీకృష్ణ మఠం. కొత్తవాళ్ళకి ఏది గుడో, ఏది స్వాములుండే ఇల్లో తెలియదు.

నేను కర్ణాటక యాత్ర బస్సుల్లో టూర్ మేనేజరుని. తెనాలిలో ఎక్కించుకుని మంత్రాలయం, హొరనాడు, శృంగేరి, ఉడిపి, కొల్లూరు, గోకర్ణం తిప్పి మళ్ళీ తెనాలిలో దించాలి. పేరుకి మేనేజరు. చేసేది తలకాయలు లెక్కపెట్టడం, రూము తాళాలు పంచడం, మోకాళ్ళ నొప్పులవాళ్ళకి కింద అంతస్తు ఇప్పించడం, వంట మాస్టారికీ డ్రైవరుకీ మాటా మాటా వస్తే సర్దడం. వీటన్నిటికంటే కష్టం ఉడిపిలో దర్శనం చేయించడం. చేయించడమంటే క్యూలో నిలబెట్టడం కాదు. బయటికొచ్చాక "చూశాను" అని వాళ్ళంతట వాళ్ళు అనాలి.

శృంగేరి నుంచి ఉడిపికి దగ్గరి దారి ఆగుంబె ఘాట్. 14 హెయిర్‌పిన్ మలుపులు. పెద్ద బస్సుల్ని అందులోకి పోనివ్వరు. అందుకని శృంగేరిలో మా బస్సు వదిలి చిన్న బండ్లు మాట్లాడుకుంటాం, లేదంటే కార్కళ మీదుగా చుట్టు తిరిగి వెళతాం. ఘాట్‌లో సగంమంది కళ్ళు మూసుకుని దణ్ణాలు పెట్టుకుంటూ ఉంటారు, ఇద్దరు ముగ్గురికి కవర్లు అందించాలి. కిందికి దిగి హెబ్రి దాటాక అందరూ కాస్త తేరుకుంటారు. నేను మైకు తీసుకునేది అప్పుడు.

ఉడిపిలో గర్భగుడి ద్వారం ముందు నిలబడి చూడటం ఉండదు. వెండి తాపడం చేసిన కిటికీ ఉంటుంది, దానికి తొమ్మిది రంధ్రాలు. నవగ్రహ కిండి అంటారు. ఆ రంధ్రాల్లోంచే చూడాలి. లోపల దీపాల వెలుగు. విగ్రహం చిన్నది, బాలకృష్ణుడు. వెనకవాళ్ళు తోస్తుంటారు, పక్కన "ముందె హోగి" అంటుంటారు. కళ్ళు ఆ చీకటికి అలవాటు పడేలోపే మీ వంతు అయిపోతుంది. ముందుగా ఏమీ చెప్పకుండా పంపితే బయటికొచ్చి ఒకరినొకరు అడుగుతారు, "నీకు కనిపించాడా?" అని. ఎవరూ లేదనరు. అందరి మొహాల్లోనూ అనుమానమే.

అందుకని దారిలోనే చెబుతాను. "అమ్మా, అయ్యా, స్వామి కుడిచేతిలో కవ్వం ఉంటుంది, ఎడమచేతిలో కవ్వం తాడు. ముందు మొహం చూడండి, తర్వాత కుడిచెయ్యి చూడండి. అంతే. కిరీటం, నగలు, పక్కన దీపాలు వెతకబోతే అసలాయన తప్పిపోతాడు." రోజూ అలంకారం మారుతుంది, కొన్నిరోజులు కవ్వం ఆ అలంకారంలో కలిసిపోతుంది. ఆ రోజు అలంకారమేమిటో వెళ్ళేముందు కనుక్కుని చెప్పడం కూడా నా పనిలోదే. ఇదంతా ఏ కరపత్రంలోనూ ఉండదు.

కవ్వం అనగానే ఆడవాళ్ళు లేచి కూర్చుంటారు. కథ చెప్పమంటారు. ద్వారకలో రుక్మిణీదేవి పూజించిన విగ్రహమనీ, గోపీచందనం గడ్డలో దాగి ఓడలో వచ్చిందనీ, మల్పె దగ్గర సముద్రంలో ఆ ఓడ తుపానులో చిక్కుకుంటే ఒడ్డున ఉన్న మధ్వాచార్యులు పైగుడ్డ ఊపి గట్టుకు చేర్చారనీ, ఓడవాడు ఏం కావాలో కోరుకోమంటే ఆ మట్టిగడ్డ చాలన్నారనీ. మధ్వాచార్యులు 13వ శతాబ్దంవారు. మల్పె రేవు ఉడిపికి దగ్గరే. ఆ సాయంత్రమే అక్కడికి తీసుకెళతాను. కథ విన్నాక చూస్తే ఆ సముద్రం సెల్ఫీల బీచ్‌లా మాత్రమే కనిపించదు.

మా బస్సులో శ్రీకాకుళం వైపువాళ్ళుంటే ఇంకో మాట కలుపుతాను. మధ్వాచార్యుల శిష్యుల్లో నరహరి తీర్థులు కళింగ రాజ్య వ్యవహారాలు చూసినవారు. ఆయన పేరుతో 1281 నాటి శాసనం శ్రీకూర్మంలో ఉంది, సింహాచలంలోనూ ఆయన శాసనాలున్నాయి. "మా ఊరి గుళ్ళోనా?" అంటారు. దాంతో ఉడిపి వాళ్ళకి పరాయి ఊరు కాకుండా పోతుంది. రాయలసీమవాళ్ళకి ఈ పరిచయం అక్కర్లేదు. రాఘవేంద్రస్వామిది మధ్వ సంప్రదాయమే కాబట్టి మంత్రాలయం దగ్గరే వాళ్ళు సగం ఉడిపి చేరిపోయి ఉంటారు.

వరస తప్పకూడదు. ముందు చంద్రమౌళీశ్వరుడు, తర్వాత అనంతేశ్వరుడు, ఆ తర్వాతే కృష్ణుడు. అనంతేశ్వరాలయం కృష్ణ మఠం కంటే పాతది, మధ్వాచార్యులు శిష్యులకు పాఠం చెప్పిన చోటని అంటారు. చాలా బస్సులవాళ్ళు ఈ రెండూ ఎగ్గొట్టి నేరుగా క్యూలోకి తోలేస్తారు. నాకది నచ్చదు.

మగవాళ్ళు చొక్కా, బనియను తీయాలి. ఇక్కడో చిన్న గలాటా తప్పదు. రిటైరైన ఆఫీసర్లు మొహమాటపడతారు, కుర్రాళ్ళు పొట్ట లోపలికి బిగిస్తారు. ఎక్కువసేపు నిలబడలేనివాళ్ళని నేను అసలు క్యూలోకి పంపను. పడమటి వైపు బయట గోడకి ఇంకో కిటికీ ఉంది, కనకన కిండి. లోపలికి రానివ్వకపోతే కనకదాసు బయట నిలబడి పాడాడనీ, గోడ బీటువారి కృష్ణుడు అటు తిరిగి దర్శనమిచ్చాడనీ చెబుతారు. స్వామి ఇప్పటికీ పడమటి మొహంగానే ఉంటాడు. ఒక పెద్దావిడ నామీద గట్టిగానే కోప్పడింది. "ఇంత దూరం తీసుకొచ్చి బయటినుంచి చూడమంటావేం నాయనా?"

"కనకదాసు చూసింది ఇక్కణ్ణుంచే పెద్దమ్మా."

ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని కిటికీకి ఆనుకుంది. క్యూలో వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

ఇక్కడ పూజ చేసేది సన్యాసులు. స్వామిని ముట్టుకుని అర్చించే అధికారం అష్టమఠాల స్వాములకే. రెండేళ్ళకోసారి ఆ బాధ్యత ఒక మఠం నుంచి ఇంకో మఠానికి మారుతుంది, ఒక మఠానికి మళ్ళీ వంతు రావాలంటే 16 ఏళ్ళు. పర్యాయం అంటారు. సరిసంఖ్య సంవత్సరాల్లో జనవరి 18న జరుగుతుంది. 2024లో పుత్తిగె మఠం చేపట్టింది. మొదట్లో రెండేసి నెలల చొప్పున ఉండేదాన్ని రెండేళ్ళు చేసింది వాదిరాజ తీర్థులు. బాధ్యత అప్పగించేటప్పుడు చేతికిచ్చేవి అక్షయపాత్ర, గరిటె. అంటే పూజతోపాటు వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టే పూచీ కూడా. పర్యాయానికి ముందే బియ్యానికీ, కట్టెలకీ ముహూర్తాలు పెట్టుకుంటారు. వంటకట్టెల్ని రథం ఆకారంలో పేరుస్తారు. మా వంట మాస్టారు ఉడిపిలో నాకు దొరకడు, ఆ కట్టెల రథం దగ్గరే నిలబడి ఉంటాడు. బస్సులో గ్యాస్ సిలిండరుతో ఉప్మా కలిపే మనిషి, ఆయన బాధ ఆయనది. ఆ మధ్యాహ్నం ఆయనకి సెలవు, అందరం మఠంలోనే తింటాం.

రోజుకు 14 పూజలు. తెల్లవారుజామున నిర్మాల్య విసర్జనతో మొదలై రాత్రి ఏకాంత సేవతో ముగుస్తాయి. మధ్యాహ్నం ఒక గంట వచ్చి పోయేవాళ్ళు చూసేది వీటిలో ఏదో ఒకదాని తోక. వానాకాలం కాకుండా మిగతా రోజుల్లో వెళితే సాయంత్రం రథవీధిలో రథం కూడా దొరకవచ్చు. మకర సంక్రాంతికి మూడు రథాలు కదులుతాయి. అందుకే నా బస్సు ఉడిపిలో రాత్రి ఆగుతుంది. సాయంత్రం ఒకసారి, పొద్దున్నే మరోసారి. మొదటిసారి ఎక్కడ చూడాలో తెలుస్తుంది, రెండోసారి చూస్తారు.

దీనికోసం యజమానులతో పోట్లాడాల్సి వచ్చింది. నేను ఇదివరకు చేసిన ట్రావెల్స్‌లో ఉడిపికి రెండు గంటలే ఇచ్చేవారు. రాత్రి బస పెడితే రూముల ఖర్చు పెరుగుతుంది, కరపత్రంలో రెండు క్షేత్రాలు తగ్గుతాయి. క్షేత్రాలు తగ్గితే సీట్లు నిండవు. యజమాని చెప్పేది అబద్ధమేమీ కాదు. జనం నిజంగానే వేళ్ళమీద లెక్కపెట్టి, పక్క ట్రావెల్స్ కరపత్రంతో పోల్చి, ఎక్కువ పేర్లున్నదానికే అడ్వాన్సు కడతారు. తిరిగొచ్చాక ఏ గుడి ఏ ఊళ్ళోదో కలగాపులగం చేసుకునేది కూడా వాళ్ళే.

కాబట్టి ఈసారి యాత్ర కరపత్రం మీ చేతికొస్తే పేర్లు లెక్కపెట్టకండి. ఫోన్ చేసి, ఉడిపిలో రాత్రి బస ఉందా అని అడగండి. లేదంటే ఆ బస్సు ఎక్కకండి.