ఒక యూనిట్‌కి ఫ్యాన్ ఎంతసేపు తిరుగుతుంది?

మూడేళ్లుగా ఏడో తరగతికి కరెంటు పాఠం చెబుతున్నాను. వోల్టా 1800లో బ్యాటరీ చేయడం, ఫారడే 1831లో తీగచుట్టలో అయస్కాంతాన్ని కదిలించి కరెంటు పుట్టించడం గడగడా చెప్పేస్తాను. మొన్న ఓ బాబు లేచాడు. "మిస్, మా ఓనర్ ఆంటీ యూనిట్‌కి పది రూపాయలు తీసుకుంటారు. ఒక యూనిట్‌కి ఫ్యాన్ ఎంతసేపు తిరుగుతుంది?"

వెయ్యి వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్ అన్నాను. బాబు అడిగింది అది కాదని నాకూ తెలుసు. రేపు చెప్తానని తప్పించుకున్నాను.

సాయంత్రం ఇంట్లో అన్నీ ఆపేసి, జీవితంలో మొదటిసారి మీటరు ముందు నిలబడ్డాను. ఎర్ర లైటు ఆగి ఆగి మిణుకుమంటూనే ఉంది. టీవీని రిమోట్‌తో ఆపామే గానీ, సెట్‌టాప్ బాక్సు స్విచ్ వేసే ఉంది! అమ్మ ఒకటే నవ్వు. "పొదుపు" మీద పిల్లలతో చార్టులు వేయించేది నేనే మరి.

మర్నాడు బోర్డు మీద లెక్క పిల్లలే చేశారు. 75 వాట్ల ఫ్యాను 13 గంటల 20 నిమిషాలు. 2000 వాట్ల గీజరు అరగంటే. "అరగంటకే పది రూపాయలా మిస్!" అని క్లాసంతా గోల.

ఆ బాబు ఇప్పుడు రోజూ వాళ్ల సబ్‌మీటరు రీడింగు నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకొస్తున్నాడు. మీ పిల్లలూ అడిగితే మీటరు చూపించండి. దూరం నుంచే, చేయి పెట్టకుండా.