పరిశోధనకు చేయూత

రాజరాజనరేంద్రుని ఆదరణ లభించినందువల్లనే నన్నయభట్టు మహాభారతాంధ్రీకరణకు పూనుకోగలిగాడు. కొండవీటి రెడ్డిరాజుల కొలువు శ్రీనాథుని పాండిత్యానికి పట్టుగొమ్మ అయింది. కావ్యరచనకు ప్రతిభ ఎంత అవసరమో, అన్నవస్త్రాల చింత లేని తీరిక కూడా అంతే అవసరమని ఆనాటి ప్రభువులు గుర్తించారు. శాస్త్ర పరిశోధన విషయంలోనూ ఈ సత్యం మారలేదు. ప్రయోగశాలలో ఒక్క ప్రశ్నకు సమాధానం దొరకడానికి ఏళ్లు పట్టవచ్చు. అంతకాలం పరిశోధకుని జీవనం సాగేదెట్లా?

రాజాస్థానాలు అంతరించాక ఈ బాధ్యతను తొలుత దాతలు, పిమ్మట ప్రభుత్వాలు స్వీకరించాయి. విదేశాల్లో ఉన్నతవిద్య అభ్యసించే భారతీయుల కోసం జంషెడ్జీ టాటా 1892లో ఒక నిధిని నెలకొల్పాడు. ఆ సహాయం ఋణరూపంలో ఉండేది. ఒకరు తిరిగి చెల్లించిన సొమ్ము మరొకరి చదువుకు ఉపకరించేది. ఆయన సంకల్పించిన భారతీయ విజ్ఞాన సంస్థ ఆయన మరణానంతరం 1909లో బెంగళూరులో రూపుదాల్చింది.

ఇటువంటి చేయూత ఎంతటి ఫలితాన్నిస్తుందో యల్లాప్రగడ సుబ్బారావు జీవితం తెలుపుతుంది. 1895లో భీమవరంలో జన్మించిన ఆయన మద్రాసులో వైద్యవిద్య అభ్యసించారు. సోదరులిద్దరూ స్ప్రూ అనే జీర్ణకోశవ్యాధికి బలికావడం ఆయన మనస్సును కలచివేసింది. ఉన్నతవిద్యకు అమెరికా వెళ్లాలన్న కోరిక ఉన్నా చేతిలో ధనం లేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ, మామగారు అండగా నిలవడంతో 1922లో ఆయన బోస్టన్ చేరుకున్నారు. ఆ సొమ్ము చాలక ఆసుపత్రిలో చిన్న ఉద్యోగం చేస్తూ చదువు సాగించారు. 1930లో హార్వర్డు విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు.

తరువాత లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన నాయకత్వాన పనిచేసిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను కబళించిన స్ప్రూ వ్యాధికి అది ఔషధమైంది. 1947లో అదే ప్రయోగశాల నుండి బోదకాలు వ్యాధికి హెట్రజాన్ అనే మందు వెలువడింది. బోదకాలు గోదావరి మండలాల ప్రజలను తరతరాలుగా పీడించిన వ్యాధి. కాకినాడ ధర్మనిధి ఒక విద్యార్థికి చేసిన సాయం ఈ విధంగా ఆ సీమకే మందుబిళ్లగా తిరిగివచ్చింది. సొమ్ము ఇచ్చిననాడు ఈ ఫలితాన్ని ఎవరూ ఊహించి ఉండరు. పరిశోధనకు చేసే సాయం లక్షణమే అది. విత్తినవాడికి పంట ఎప్పుడు, ఏ చేలో పండుతుందో తెలియదు.

నేటి విద్యార్థికి ఆధారాలు అనేకం ఉన్నాయి. ఇంటర్మీడియట్ పూర్తిచేసినవారు విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థల్లో చేరవచ్చు. వాటిలో ఒకటి 2015లో తిరుపతిలో ప్రారంభమైంది. దేశంలోని మూడు విజ్ఞాన అకాడమీలు కలిసి వేసవిలో రెండు నెలలపాటు విద్యార్థులను శాస్త్రవేత్తల చెంతకు పంపే పథకాన్ని నెలకొల్పాయి. గేట్ పరీక్షలో అర్హత సాధించి ఎం.టెక్.లో చేరినవారికి ఉపకారవేతనం లభిస్తుంది. సి.ఎస్.ఐ.ఆర్., యు.జి.సి.ల ఉమ్మడి అర్హత పరీక్షలో నెగ్గినవారికి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ అందుతుంది. 2019లో నెలకు 31,000 రూపాయలైన ఈ వేతనం 2023 నుండి 37,000 రూపాయలయింది. ఆ పెంపుదల అడగకుండా వచ్చినది కాదు. 2019కి ముందు దేశమంతటా పరిశోధక విద్యార్థులు వీధుల్లోకి వచ్చి కోరవలసివచ్చింది.

అయినా రెండు లోపాలు మిగిలే ఉన్నాయి. మొదటిది, ఇవ్వవలసిన సొమ్ము సకాలంలో అందకపోవడం. నెలల తరబడి వేతనం రాని పరిశోధకుడు ప్రయోగం మీద కాక అద్దె మీద మనస్సు పెట్టవలసివస్తుంది. ఆలస్యమైన సాయం సగం సాయమే. రెండవది, ఇటువంటి అవకాశం ఒకటి ఉందన్న సంగతే పల్లెల్లో చదివే విద్యార్థులలో చాలామందికి తెలియకపోవడం. ప్రతిభ లేక కాదు, దరఖాస్తు గడువు తెలియక వెనుకబడుతున్నవారున్నారు. మొదటి లోపాన్ని సవరించవలసింది ప్రభుత్వం. రెండవదాన్ని సవరించవలసింది అధ్యాపకులు, గ్రంథాలయాలు, ముందుగా ఆ మెట్లెక్కిన విద్యార్థులు.

ఉపకారవేతనం భిక్ష కాదు. పొందినవారు తమ తరువాతివారికి తీర్చవలసిన ఋణం. అడగడానికి విద్యార్థి సిగ్గుపడనక్కరలేదు. ఇవ్వడానికి సమాజం వెనుకాడకూడదు.