రాజావారి మోకాళ్ళు

కుక్కకు ఇన్సూరెన్సేమిటమ్మా, విడ్డూరం కాకపోతే అని మీరు ముక్కున వేలేసుకుంటారని నాకు తెలుసు. పోయినేడు టెక్సస్‌లో మా చెల్లెలింటికి వెళ్ళినప్పుడు నేనూ వేసుకున్నాను. "1982లోనే టీవీ కుక్క లాసీకి ఇక్కడ మొదటి పాలసీ ఇచ్చారు, నువ్వింకా ఎక్కడున్నావక్కా?" అని దులిపేసింది.

చెల్లెలి కుక్క పేరు రాజా. ఆరేళ్ళవాడు. పేరుకి తగ్గ బంగారు రంగూ, పేరుకి తగని దురదా! ఎలర్జీట. నెలకో ఇంజెక్షను పడకపోతే పొట్టంతా రక్తం వచ్చేలా గోక్కుంటాడు. ఆ ఖర్చు నెలకు 150 డాలర్లు. ఏడాది మొదట్లో కొంత సొమ్ము వీళ్ళు పెట్టుకున్నాక, నూటికి 80 వంతున కంపెనీ ఇస్తుంది.

బాగానే ఉంది గానీ, ప్రీమియం నెలకు 94 డాలర్లకు ఎక్కి కూర్చుంది. ఇంకో కంపెనీ 52కే ఇస్తానంది. "మార్చేద్దాం" అన్నాడు మా మరిది. "నవలలు రాస్తావుగా, ఇవీ కాస్త చదివిపెట్టు" అంటూ చెల్లెలు కాయితాల కట్ట నా ఒళ్ళో పడేసింది.

చదివాను. నా నవలల్లో ఇన్ని మలుపులు లేవు! పెళ్ళిచూపుల్లో కూడా ఇంత ఆరా తీయరు. ముందునుంచీ ఉన్న జబ్బుకు కొత్త కంపెనీ పైసా ఇవ్వదు. డాక్టరు పేరు పెట్టిన జబ్బే కానక్కర్లేదు, లక్షణం కనబడినా చాలు. పాలసీ తీసుకున్న మొదటి 14 రోజుల్లో వచ్చిన జబ్బూ చాలా కంపెనీల్లో ఆ ఖాతాకే జమ. చెవిపోటులాంటిది నయమై 180 రోజులు మళ్ళీ రాకపోతే కొన్ని కంపెనీలు మన్నిస్తాయి. ఎలర్జీ అలా వదిలిపోయేది కాదే!

ఇంకో చోద్యం వినండి. రెండేళ్ళ క్రితం రాజా బంతికోసం ఎగిరిపడి వారంరోజులు కుంటాడు. "కుడి వెనక కాలు కుంటుతోంది" అని డాక్టరమ్మ రాసుకుంది. అంతే! కుడి మోకాలికి బీమా లేదు, ఎడమదానికీ లేదు. ఒక మోకాలు చెడిన కుక్కకు రెండోదీ చెడడం మామూలేనట.

"ఆ కుంటిన సంగతి చెప్పకపోతే?" నసిగాడు మరిది.

"రికార్డులు డాక్టరు దగ్గర్నుంచే తెప్పించుకుంటారు. దాచామని ఆనక పాలసీయే రద్దు చేస్తే?" అంది చెల్లెలు.

నాకు ఉక్రోషం వచ్చింది. మన దేశంలో మనుషుల ఆరోగ్య బీమాకు 2011 నుంచి కంపెనీ మారే సదుపాయం ఉంది. పాత కంపెనీలో కాచుకున్న కాలం కొత్తదాంట్లో లెక్కకొస్తుంది. మావారి షుగరు అలాగే దర్జాగా కొత్త గడప తొక్కింది. రాజా దురదకు ఆ యోగం లేదు.

ఆర్ట్సు చదివినదాన్ని, లెక్కలకు ఆమడ దూరం. అయినా కలం పట్టుకు కూర్చున్నాను. మారితే నెలకు మిగిలేది 42 డాలర్లు. ఇంజెక్షనుమీద పోయేది 120! రాజా పాలసీ ప్రకారం, మధ్యలో మానకుండా రెన్యూ చేసినంతకాలం, తన హయాంలో వచ్చిన జబ్బును పాత కంపెనీ ముందునుంచీ ఉన్నదనడానికి వీల్లేదు.

జబ్బూ గిబ్బూ లేని కూనకైతే ఎంచక్కా మార్చుకోవచ్చు. జబ్బున్నవాడికి మాత్రం, పాతది వదలకముందే రికార్డులు చూపించి, దేనికి ఇవ్వరో కొత్తవాళ్ళ చేత రాయించుకోమంది డాక్టరమ్మ. చెల్లెలు అలాగే చేసింది. ఎలర్జీ, కుడి మోకాలు, ఎడమ మోకాలు అని వరసగా రాసి పంపారు.

ఆ వారం ఇంజెక్షను రెండు రోజులు ఆలస్యమైంది. అర్ధరాత్రి మెలకువ వచ్చి చూస్తే, చెల్లెలు నేలమీద కూర్చుని రాజా కాలు గట్టిగా పట్టుకునుంది, గోక్కోకుండా. "42 డాలర్లకోసం వీణ్ణి ఇలా వదిలెయ్యనా అక్కా?" అంది. నేను రెండో కాలు పట్టుకున్నాను. పాత పాలసీయే ఉంచేసింది.

మర్నాడు మావారు ఫోను చేసి, మోకాలు నొప్పిగా ఉందన్నారు.

"ఏ మోకాలు?" అడిగాను.

"కుడిది."

"అయితే ఎడమదానికీ నీళ్ళొదులుకోండి" అన్నాను.